ఊరగాయ సీసాలో నల్లదుమ్ము: మైక్రోస్కోపు ఎక్కడిదాకా చెప్పింది, ఎక్కడ ఆగిపోయింది

డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే ల్యాబ్ తెరిచేసరికి గేటు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. రిటైరైన హైస్కూలు టీచరు. బొగ్గు గనుల ప్రాంతంలోని ఒక పట్టణం నుంచి రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వచ్చారు. చేతిసంచిలోంచి ఊరగాయ సీసా ఒకటి తీసి నా బల్ల మీద పెట్టారు. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన సీసా, అందులో ముప్పావు వంతు నల్లటి పొడి. "మా బంగ్ల మీద ఊడ్చిన దుమ్ము బిడ్డా. ఇండ్ల ఎవల బూడిద ఉన్నదో చెప్పు, అంతే చాలు" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. నేను నడిపేది స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. మేం సెమ్ అంటాం. దానికి తగిలించిన ఈడీఎస్ అనే డిటెక్టరు, ఎలక్ట్రాన్లు తాకినప్పుడు రేణువులోంచి వచ్చే ఎక్స్‌రేలను చూసి అందులో ఏ మూలకాలున్నాయో చెబుతుంది. అంటే 'ఏముంది' అని అడిగితే కొంతవరకు జవాబిచ్చే యంత్రం. మా దగ్గరికి దుమ్ము పట్టుకొచ్చేవాళ్ళు మాత్రం ఎప్పుడూ 'ఎవరిది' అనే అడుగుతారు. ఈ కేసులో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి, వాటిని దాచకుండా రాస్తున్నాను. ఊరి పేరు, కాలనీ పేరు, చుట్టూ ఉన్న సంస్థల పేర్లు మాత్రం రాయడం లేదు.

కాలనీ చుట్టూ ఏమున్నాయి

రెండు వందల గడపల కాలనీ. పడమటి వైపు నాలుగు కిలోమీటర్ల దూరంలో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం. దాని పొగగొట్టం ఏ డాబా ఎక్కినా కనబడుతుంది. తూర్పున కిలోమీటరు లోపే రైల్వే సైడింగ్. లారీల్లో వచ్చిన బొగ్గును అక్కడ కుప్ప పోసి వ్యాగన్లలోకి ఎత్తుతారు. ఉత్తరాన బూడిద ఇటుకలు చేసే చిన్న యూనిట్లు రెండు. కాలనీ పక్కనుంచే హైవేకి కలిసే రోడ్డు. రోడ్డు పక్కన టిఫిన్ బండ్లు, వాటిలో కొన్నింటికి బొగ్గు పొయ్యిలే.

ఫిర్యాదు కొత్తదేమీ కాదు. ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి మచ్చలు పడుతుంది, చెప్పుల్లేకుండా డాబా మీద నడిస్తే అరికాళ్ళు నల్లబడతాయి. చలికాలంలో ఇది మరీ ఎక్కువ. కాలనీలో అందరి వేలూ పొగగొట్టం వైపే చూపిస్తోంది. అంత ఎత్తున కంటి ముందు నిలబడ్డది అదొక్కటే మరి.

సీసాతో మొదటి ఇబ్బంది

చీపురుతో ఊడ్చిన దుమ్ము గాలిలో తేలే ధూళి కాదు. ఇది చెబితే సారు మొహం చిన్నబోయింది గానీ, చెప్పక తప్పలేదు. డాబా మీద పడేది ఎక్కువగా బరువైన రేణువులు, 20 మైక్రాన్ల నుంచి 100 మైక్రాన్ల దాకా. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే వీటి సైజు ఊహకి అందుతుంది. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్ళే పీఎం 2.5 రేణువులు (2.5 మైక్రాన్ల లోపువి) ఇంత తొందరగా కింద పడవు, రోజుల తరబడి గాలిలోనే తిరుగుతాయి. సీసాలో ఉన్నది పంచెను నల్లగా చేసే దుమ్ము. దాన్ని చూసి ఊపిరితిత్తుల సంగతి చెప్పలేం.

పైగా అందులో ఎన్నాళ్ళ దుమ్ము ఉందో తెలియదు. డాబా నుంచి రాలిన సిమెంటు, చీపురు పుల్లల ముక్కలు, పావురాల రెట్ట, అన్నీ కలిసే ఉన్నాయి. అయినా తిప్పి పంపబుద్ధి కాలేదు. చిటికెడు తీసి కార్బన్ టేపు మీద చల్లి, పలచగా బంగారం పూత వేసి సెమ్‌లో పెట్టాను. ఎలక్ట్రాన్లు పోగుపడి బొమ్మ చెదిరిపోకుండా ఆ పూత వేస్తాం.

నా మొదటి తప్పు అదే. ఈడీఎస్ గీసే గ్రాఫులో ఒక్కో మూలకం తన శక్తి దగ్గర ఒక శిఖరంగా కనబడుతుంది. బంగారం ఎక్స్‌రే శిఖరం 2.12 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది, గంధకానిది 2.31 దగ్గర. మా డిటెక్టరు రెండు శిఖరాలను విడదీయగలిగే హద్దు సుమారు 0.13. తేడా ఆ హద్దును కాస్తే దాటుతుంది కాబట్టి, పూత బంగారమైతే కొద్దిపాటి గంధకం దాని నీడలో పడిపోతుంది. బొగ్గు కేసులో గంధకం గురించి అడగరని ఎలా అనుకున్నానో నాకే తెలియదు. మర్నాడు కార్బన్ పూతతో మళ్ళీ చేశాను.

గుండ్రటి రేణువు

రెండో రోజు మధ్యాహ్నం తెర మీద కనబడిన దాన్ని ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎవరూ మర్చిపోరు. ఆరు మైక్రాన్ల గోళం, గాజు గోలీలా నున్నగా. పక్కనే కాస్త పెద్దది ఇంకొకటి, పగిలి ఉంది. దాని కడుపులో ఇంకా చిన్న చిన్న గోళాలు, దానిమ్మ గింజల్లా. ఈడీఎస్ పెడితే అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, కొంచెం ఇనుము, కొంచెం టైటానియం, పొటాషియం. ఫ్లై యాష్ అనడానికి ఇంతకంటే పాఠం అక్కర్లేదు. బొగ్గులోని మట్టి ఖనిజాలు బాయిలరు వేడికి కరిగి, గాలిలో ఎగురుతూనే చల్లారి గోళాలవుతాయి. మామూలు మట్టికీ రోడ్డు దుమ్ముకీ ఈ రూపం రాదు.

సారుకి ఫోన్ చేశాను. బూడిద గోళాలు కనబడ్డాయని చెప్పగానే ఆయన గొంతులో సంతోషం తెలిసిపోయింది. నేను కూడా ఆ ఊపులోనే ఉన్నాను, 'విద్యుత్ కేంద్రం నుంచి వచ్చిన ఫ్లై యాష్' అని డ్రాఫ్ట్ రిపోర్టులో రాసేశాను కూడా. రాశాక ఎందుకో అనుమానం వచ్చి మళ్ళీ ఫోన్ చేశాను.

"సార్, మీ డాబా పిట్టగోడ దేంతో కట్టారు?"

"బూడిద ఇటుకలే బిడ్డా. కాలనంత గవే."

"ప్లాస్టరింగ్ చేయించారా?"

"లోపల చేసినం. బయట చేయలే."

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బూడిద వాడకం గురించి 1999లో కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పటి నుంచి విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల ఊళ్ళలో బూడిద ఇటుకలు మామూలైపోయాయి. మనం కొనే పీపీసీ సిమెంటులో కూడా 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ కలవచ్చని ప్రమాణాలే చెబుతున్నాయి. రోడ్డు కట్టలకు, పల్లపు స్థలాలు నింపడానికి కూడా అదే పోస్తారు. అంటే సారు డాబా మీద దొరికిన గోళం నిన్న పొగగొట్టంలోంచి వచ్చి ఉండొచ్చు, లేదా పదేళ్ళ కిందట ఇటుకలో చేరి నిన్నటి ఎండకు రాలి ఉండొచ్చు. గోళం పుట్టింది బాయిలర్లో, అంతవరకు సందేహం లేదు. అక్కడి నుంచి డాబా దాకా ఏ దారిన వచ్చిందో దాని ఒంటి మీద ఎక్కడా రాసి ఉండదు.

డ్రాఫ్ట్‌లో ఆ వాక్యం కొట్టేశాను. అదృష్టం కొద్దీ అది అప్పటికింకా నా కంప్యూటరు దాటలేదు.

రెండు దశాంశ స్థానాల మోసం

ఇక్కడ కొంచెం చిరాకుగానే ఒక మాట చెప్పాలి. ఈడీఎస్ సాఫ్ట్‌వేర్ ప్రతి రేణువుకీ ఒక పట్టిక ఇస్తుంది. కార్బన్ ఇంత శాతం, ఆక్సిజన్ ఇంత, సిలికాన్ ఇంత అని రెండు దశాంశ స్థానాలతో సహా. అన్నీ కలిపితే సరిగ్గా 100 వస్తుంది. ఎందుకు రాదు? యంత్రం కనబడినవాటినే లెక్కలోకి తీసుకుని మొత్తాన్ని బలవంతంగా 100కి సర్దుతుంది. కనబడనివి ఆ లెక్కలో ఉండవు. హైడ్రోజన్ అసలు కనబడదు. కార్బన్‌లో ఎంత రేణువుదో, ఎంత టేపుదో, ఎంత పూతదో దానికి తెలియదు.

ఆ లెక్క వెనకున్న సూత్రాలు నున్నగా పాలిష్ చేసిన, చదునైన, మందమైన నమూనాల కోసం పుట్టినవి. 1951లో రేమాన్ కస్తేన్ పారిస్‌లో ఎలక్ట్రాన్ మైక్రోప్రోబు మీద థీసిస్ రాసినప్పుడు ఆయన ముందున్నవి అలాంటి లోహపు ముక్కలే. మన దగ్గరున్నదేమో గరుకుగా, వంకరగా ఉన్న మూడు మైక్రాన్ల ధూళి. పదిహేను కిలోవోల్టుల దగ్గర ఎలక్ట్రాన్లు సిలికేట్ రేణువులో రెండు మూడు మైక్రాన్ల లోతు దిగుతాయి. రేణువే ఒక మైక్రాన్ ఉంటే దాన్ని దాటుకుని కింద టేపులోకి వెళ్ళిపోతాయి. అప్పుడు పట్టికలో వచ్చేది రేణువూ టేపూ కలిపిన పులుసు. వోల్టేజి తగ్గిస్తే లోతు తగ్గుతుంది గానీ, ఇనుము లాంటి మూలకాల ముఖ్యమైన శిఖరాలు రావు.

ఆ పట్టికని రిపోర్టుకి జత చేయడం నేను ఎప్పుడో మానేశాను. ఒకసారి వేరే కేసులో ఒక వకీలుగారు 'కార్బన్ 61.37 శాతం' అన్న అంకె కింద ఎర్రగీత గీసి, "ఇది 61.37 అయితే వాళ్ళ బొగ్గులో ఎంతుందో చూడండి, సరిపోలుతుందా లేదా" అని అడిగారు. ఆయన తప్పేం లేదు. అంకె ఇచ్చింది మేమే.

ముగ్గు పిండి కథ

జనవరి మొదటి వారంలో నేనే ఆ ఊరు వెళ్ళాను. ఈసారి నమూనాలు సరిగ్గా తీయాలని. చిన్న పంపుతో గాలి లాగి 47 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ ఫిల్టరు మీద ధూళి పట్టాను. సన్నటి రంధ్రాలున్న నున్నటి ఫిల్టరు అది, సెమ్‌కి సరిగ్గా సరిపోతుంది. సారు ఇంటి గేటు పక్కన అరుగు మీద పంపు పెట్టాం, కరెంటు ప్లగ్గు అక్కడే ఉందని.

ల్యాబ్‌కి వచ్చి చూస్తే ఎటు చూసినా కాల్షియం రేణువులు. సగం వాటిలో మెగ్నీషియం కూడా. మొదట సిమెంటు అనుకున్నాను, తర్వాత సున్నం అనుకున్నాను. కాల్షియం కార్బొనేటా, కాల్షియం ఆక్సైడా, తడిసిన సున్నమా అని ఈడీఎస్‌తో తేల్చడం కష్టం. తేడా కార్బన్‌లో, హైడ్రోజన్‌లో ఉంది. కార్బన్ ఫిల్టరులోనూ ఉంది, హైడ్రోజన్ కనబడదు. కాల్షియం ఎక్కువగా వెదజల్లే పరిశ్రమలు ఏమున్నాయా అని ఒక రోజంతా మ్యాపు ముందు కూర్చున్నాను.

ఇంట్లో ఆ మాట చెబితే మా అమ్మ నవ్వింది. "ధనుర్మాసంలో గేటు ముందర పంపు పెడితే ముగ్గు పిండి గాక ఇంకేం పడుతుంది?" ముగ్గు పిండి ఎక్కువగా సున్నపురాయి లేదా డోలమైటు పొడి. డోలమైటులో కాల్షియంతో పాటు మెగ్నీషియం ఉంటుంది. సారు ఇంటి ముందు రోజూ తెల్లవారుజామున ఆయన కోడలు పెద్ద ముగ్గు వేస్తుంది. సంక్రాంతి ముందు వారం కాబట్టి ఇంకా పెద్దది.

యంత్రం చెప్పినదాంట్లో తప్పు లేదు. ఉన్నది కాల్షియం, మెగ్నీషియమే. పంపు పెట్టిన చోటు తప్పు. భోగి రోజున కూడా నమూనా తీసి ఉంటే కట్టె పొగలోని పొటాషియం గురించి ఇంకో కథ రాసేవాణ్ణేమో.

బేరియం, ఖాళీ ఫిల్టరు

అదే సమయంలో కాలనీ సంఘం వాళ్ళు ఇంకో నమూనా పంపారు. అంతకుముందు ఒక ప్రైవేటు ల్యాబ్‌తో పీఎం 10 (10 మైక్రాన్ల లోపు ధూళి) కొలిపించుకున్నారట. ఆ ఫిల్టరులోంచి రెండు అంగుళాల ముక్క కత్తిరించి కవరులో పెట్టారు. పెద్ద పంపులకు వాడే గాజు పీచు ఫిల్టరు అది.

అందులో బేరియం, జింకు కనబడ్డాయి. బ్రేకు లైనింగులలో బేరియం సల్ఫేటు వాడతారు, టైర్ల రబ్బరులో జింకు ఉంటుంది. హైవే ట్రాఫిక్ అని చేతిలో జవాబు సిద్ధం. కానీ ముగ్గు పిండి దెబ్బ తిన్న చేయి కదా, తొందరపడలేదు. అదే పెట్టెలోంచి వాడని ఫిల్టరు ఒకటి పంపమని అడిగాను. వారం తర్వాత వచ్చింది. దుమ్ము సోకని ఆ తెల్లటి ఫిల్టరులో కూడా అదే బేరియం, అదే జింకు. గాజు పీచులోనే ఉన్నాయి. ఖాళీ ఫిల్టరు లేని నమూనాను ఆ రోజు నుంచి నేను ముట్టుకోవడం లేదు.

శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడే గొడవ కూడా ఇక్కడే చెప్పాలి. బేరియం శిఖరం 4.47 దగ్గర, టైటానియం శిఖరం 4.51 దగ్గర. బేరియం కొంచెమే ఉంటే సాఫ్ట్‌వేర్ దానికి టైటానియం అని పేరు పెట్టేస్తుంది. తెల్ల పెయింటులో టైటానియం, బ్రేకుల్లో బేరియం. అంటే ఒక్క తప్పు లేబులుతో లారీ దుమ్ము ఇంటి గోడ పెయింటు అయిపోతుంది. సీసం, గంధకం కూడా ఇలాంటి జంటే: 2.34, 2.31. సీసం రెండో శిఖరం 10.55 దగ్గర చూసి తేల్చుకుందామంటే అక్కడ ఆర్సెనిక్ 10.54 దగ్గర కాచుకుని కూర్చుంటుంది. 1913లో మోస్లే ఒక్కో మూలకానికి ఒక్కో ఎక్స్‌రే సంతకం ఉంటుందని చూపించాడు. సంతకాలు వేర్వేరే, మా డిటెక్టరు కళ్ళజోడే మసక.

నలుపు దగ్గర యంత్రం మూగబోయింది

అసలు ఫిర్యాదు నలుపు గురించి. ఫ్లై యాష్ బూడిద రంగులో ఉంటుంది, పంచెను నల్లబరిచేది కార్బన్. ఈ కేసులో సెమ్ అన్నింటికంటే తక్కువ పనికొచ్చింది సరిగ్గా అక్కడే.

కార్బన్ టేపు మీద కార్బన్ రేణువు పెడితే బొమ్మలో నలుపు మీద నలుపు. సరే అని నల్లటి రేణువులు ఏరి సిలికాన్ పలక మీద పెట్టి చూశాను. కార్బన్ శిఖరం చక్కగా వచ్చింది, పక్కన కొంచెం ఆక్సిజన్, అల్యూమినియం, సిలికాన్, చిన్న గంధకం. అయితే ఏంటి? పచ్చి బొగ్గు అలాగే ఉంటుంది. సగం కాలిన బొగ్గు అలాగే ఉంటుంది. టిఫిన్ బండి కట్టె బొగ్గు కూడా, మీద కాస్త దుమ్ము అంటితే, అలాగే ఉంటుంది. మన బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకం తక్కువ, అర శాతం చుట్టుపక్కల. కాబట్టి గంధకాన్ని గుర్తుగా పెట్టుకునే వీలు లేదు. ఈడీఎస్‌కి తెలిసేది కార్బన్ పరమాణువు ఉందని. ఆ పరమాణువులు ఎలా అల్లుకున్నాయో దానికి పట్టదు. డీజిల్ మసికి, బొగ్గు పొడికి తేడా ఆ అల్లికలోనే ఉంది.

ధన్‌బాద్‌లో బొగ్గు పెట్రోగ్రఫీ (బొగ్గును మైక్రోస్కోపులో చూసి దాని రకం చెప్పే విద్య) నేర్చుకున్న స్నేహితురాలు ఒకావిడ ఉంది. నల్ల రేణువులను రెజిన్‌లో పోసి, గట్టిపడ్డాక అద్దంలా పాలిష్ చేసి, నూనె చుక్క వేసి, మామూలు వెలుతురు మైక్రోస్కోపులో పైనుంచి కాంతి కొట్టి చూసింది. అరగంటలో ఫోన్ చేసింది. "ఎక్కువ భాగం కాలని బొగ్గే. అంచులు పదునుగా ఉన్నాయి, విట్రినైట్, అదే బొగ్గులో మెరిసే భాగం, పొరలు కనబడుతున్నాయి. నురగలా ఉబ్బి కాలిన చార్ చాలా తక్కువ."

ఇది పెద్ద మలుపు. పొగగొట్టంలోంచి వచ్చే బొగ్గు రేణువు మంటలోంచి వచ్చినదై ఉండాలి, ఉబ్బి, కరిగి, రంధ్రాలు పడి. పదునైన అంచులతో ఉన్నది మంట మొహం చూడలేదు. కుప్పలోంచో, లారీలోంచో, వ్యాగనులోంచో లేచినదే.

కానీ ఎవరి కుప్ప? ఇక్కడ ఏ మైక్రోస్కోపూ ఏ రసాయన పరీక్షా పనికిరాలేదు. సైడింగ్‌కి వచ్చేది, విద్యుత్ కేంద్రం యార్డుకి వెళ్ళేది ఆ చుట్టుపక్కల గనుల బొగ్గే. తల్లి ఒక్కటే అయినప్పుడు పిల్లల ముఖాలు చూసి ఇల్లు చెప్పమంటే ఎలా?

ఎన్ని చూశామన్న లెక్క

ఫిల్టరు సంగతి మళ్ళీ ఒకసారి. 47 మిల్లీమీటర్ల ఫిల్టరులో ధూళి పడే భాగం సుమారు 1,250 చదరపు మిల్లీమీటర్లు. నేను చూసే ఒక్కో ఫ్రేము వెడల్పు 0.12 మిల్లీమీటర్లు, ఎత్తు 0.09. అంటే మొత్తం ఫిల్టరులో లక్షకు పైగా ఫ్రేములు. రోజంతా కూర్చుని నేను చూసింది నలభై. ఐదు వందల రేణువులు లెక్కపెడితే అందులో ఒక రకం పది కనబడిందనుకోండి, అది 2 శాతం అని రాసేస్తాం. నిజానికి ఆ పది అన్న అంకె 5 నుంచి 18 దాకా ఎక్కడైనా ఉండే వీలుంది.

ఇంకో చిక్కు బరువు. ప్రమాణాలన్నీ గాలిలో ధూళి బరువును బట్టి ఉంటాయి, మేమేమో తలకాయలు లెక్కపెడతాం. ఒక 40 మైక్రాన్ల బొగ్గు రేణువు ఘనపరిమాణం ఒక మైక్రాన్ రేణువులు 64,000కి సమానం. అలాంటిది ఒక్కటి ఫ్రేములో పడితే శాతాలన్నీ తలకిందులు. పడకపోతే ఆ బొగ్గు లేనట్టే.

సారు అడిగిన ఇంకో ప్రశ్న

"మరి పిల్లల ఊపిరితిత్తుల సంగతేంది బిడ్డా? విషం ఏమన్న ఉన్నదా?"

దీనికి మాత్రం మొదటి రోజే లేదన్నాను. అంటే విషం లేదని కాదు, ఈ యంత్రంతో చెప్పలేనని. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం ఆర్సెనిక్ ఏడాది సగటు ఘనపు మీటరుకు 6 నానోగ్రాములు, పీఎం 10 ఏడాది సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. రెండూ సరిగ్గా హద్దు దగ్గరే ఉన్నాయనుకుంటే ధూళిలో ఆర్సెనిక్ పది వేలలో ఒక వంతు, 0.01 శాతం. ఈడీఎస్ కళ్ళకి ఆనాలంటే మామూలుగా 0.1 శాతమైనా ఉండాలి. అంటే హద్దుకి పది రెట్లు విషం ఉన్నా నా తెర మీద ఏమీ కనబడకపోవచ్చు. ఏదో ఒక్క రేణువులో ఆర్సెనిక్ మొత్తం పోగుపడి ఉంటే తప్ప. 'ఆర్సెనిక్ కనబడలేదు' అని నేను రాస్తే చదివేవాళ్ళు 'ఆర్సెనిక్ లేదు' అని చదువుకుంటారు. అందుకే ఆ వాక్యం రాయను. దానికి ఫిల్టరును ఆమ్లంలో కరిగించి, మూలకాలను అతి తక్కువ మోతాదులో కూడా కొలిచే ఐసీపీఎంఎస్ అనే యంత్రంలో పెట్టాలి.

ఇంకా ఒకటి. పీఎం 2.5లో చాలా భాగం అమ్మోనియం సల్ఫేటు, అమ్మోనియం నైట్రేటు, రకరకాల సేంద్రియ పదార్థాలు. సెమ్ లోపల గాలి తీసేసిన శూన్యం. నైట్రేటు అందులో పెట్టగానే ఆవిరై పోవడం మొదలవుతుంది. సల్ఫేటు రేణువు మీద ఎలక్ట్రాన్లు పడితే కళ్ళముందే బుడగలొచ్చి కుంచించుకుపోతుంది. తేమ, తేలికగా ఎగిరిపోయే నూనెలు తలుపు మూసిన క్షణమే వెళ్ళిపోతాయి. నేను చూసేది శూన్యంలో బతికి బట్టకట్టినవాటిని. బయటి గాలిలో ఉన్నవి అవి మాత్రమే కాదు.

గాజు పలకలు, గాలి దిక్కు

చివరికి జవాబుకి దగ్గరగా తీసుకెళ్ళింది చవకైన పని. గాజు స్లైడ్ల మీద పలచగా గ్రీజు రాసి, పైన చిన్న రేకు గొడుగు పెట్టి, కాలనీలో మూడు డాబాల మీద ఉంచాం: తూర్పు అంచున ఒకటి, మధ్యలో ఒకటి, పడమటి చివర ఒకటి. ఈసారి ముగ్గులకు దూరంగా, పిట్టగోడకి దూరంగా, నీళ్ళ ట్యాంకు పైన. జనవరి చివర రెండు వారాలు. ఆ తర్వాత మామూలు మైక్రోస్కోపులో 10 మైక్రాన్లు దాటిన పదునైన నల్ల రేణువులు లెక్కపెట్టాం. తూర్పు ఇంట్లో చదరపు మిల్లీమీటరుకు 38, మధ్యలో 17, పడమటి చివర 6.

బూడిద గోళాలను కూడా ఆ స్లైడ్ల నుంచే కొంత తీసి సెమ్‌లో లెక్కపెట్టాను. అవి మూడు చోట్లా ఇంచుమించు ఒకటే. పొగగొట్టంవా, ఇటుకలవా అన్నది అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు.

చలికాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వీస్తుంది. ఆ రెండు వారాల గాలి లెక్కలు కూడా అలాగే ఉన్నాయి. విద్యుత్ కేంద్రం పడమట ఉంది. ఫిర్యాదు చలికాలంలో ఎక్కువని కాలనీవాళ్ళు మొదటి రోజే చెప్పారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని మ్యాపు ముందు కూర్చుని ఉంటే నెలన్నర ముందే ఇక్కడికి వచ్చేవాళ్ళం. నేనేమో నాకు తెలిసిన యంత్రం దగ్గరికే పరిగెత్తాను.

రిపోర్టులో ఏం రాశాను

ముఖ్యమైన వాక్యాలు ఇవి: "డాబాల మీద పడిన నల్లని ముతక రేణువుల్లో అత్యధిక భాగం కాలని బొగ్గు. వాటి సంఖ్య కాలనీ తూర్పు అంచున ఎక్కువగా, పడమరకు పోయేకొద్దీ తక్కువగా ఉంది. నమూనాలు తీసిన రోజుల్లో గాలి ప్రధానంగా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి వీచింది. ఈ మూడూ తూర్పు వైపున బొగ్గును ఎత్తి దించే చోటి నుంచి దుమ్ము వస్తోందన్న ఊహకి పొసగుతున్నాయి. ఫ్లై యాష్ గోళాలు ఉన్నాయి, వాటి దారి ఈ పరీక్షతో నిర్ణయించలేం. పీల్చే సన్నటి ధూళి గురించీ విష లోహాల గురించీ ఈ రిపోర్టు ఏమీ చెప్పదు."

'పొసగుతున్నాయి' అన్న మాట దగ్గరే గొడవంతా. రిపోర్టు మీద జరిగిన సమావేశంలో ఒక అధికారి, "అంటే సైంటిఫిక్‌గా ప్రూవ్ అయినట్టా, కానట్టా? ఒక్క మాటలో చెప్పండి" అన్నారు. ఒక్క మాటలో చెప్పలేనన్నాను. సైడింగ్ తరఫున వచ్చినాయన నవ్వుతూ, విద్యుత్ కేంద్రం యార్డులో కూడా ఇదే బొగ్గు ఉంది కదా అన్నారు. ఉంది. నేనే రిపోర్టులో రాశాను. అప్పుడు సారు లేచి, స్లైడ్లు మూడూ పక్కపక్కన బల్ల మీద పెట్టారు. కంటితో చూసినా తూర్పుది నల్లగా, పడమటిది తెల్లగా ఉంది. ఇంక ఎవరూ ఏమీ అడగలేదు.

సైడింగ్‌లో కుప్పల మీద నీళ్ళు చల్లడం, లారీలకు టార్పాలిన్లు కట్టడం మార్చి మొదట్లో మొదలైంది. మార్చి చివరికి డాబాల మీద నలుపు బాగా తగ్గిందని సారు ఫోన్‌లో చెప్పారు. సంతోషమే. కానీ ఎండలు ముదిరేసరికి గాలి కూడా దిక్కు మార్చుకుంది, పడమర నుంచి వీస్తోంది. తగ్గించింది నీళ్ళా, గాలా అని ఆయన అడిగారు. వచ్చే డిసెంబరులో గాలి మళ్ళీ తూర్పుకు తిరిగాక అవే మూడు డాబాల మీద స్లైడ్లు పెడతామని చెప్పాను.